లైబ్రరీ ముందు లోహపు జాలీ: ముందు గీత సంగతి తేల్చుకోండి

ప్రశ్న: చిత్తూరు దగ్గర ఒక మున్సిపాలిటీలో కొత్తగా చేరిన అసిస్టెంట్ ఇంజనీరుని. రెండంతస్తుల లైబ్రరీ కడుతున్నాం. ముందు గోడ పడమటి ముఖం, 12 మీటర్ల వెడల్పు, 7 మీటర్ల ఎత్తు. మన ప్రాంతపు సంస్కృతి కనపడేలా దాని ముందు లోహపు జాలీ, అంటే రంధ్రాలతో బొమ్మలు కోసిన షీట్ల తెర, పెట్టాలని కమిటీ తీర్మానించింది. సప్లయర్ కేటలాగు తెచ్చాడు, అందులో ఆకులు, చెట్లు, నెమళ్లు ఉన్నాయి. కమిటీలో కొందరు కలంకారీ దేవుళ్ల బొమ్మలు పెట్టాలంటున్నారు. ఏ లోహం వాడాలి, ఏ బొమ్మ పెట్టాలి, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు:

ఇంజనీరు గారూ, నమస్తే. నాది తిరుపతిలో రేణిగుంట రోడ్డు వైపు ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాపు. కిటికీ గ్రిల్లులతో మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. గత పదేళ్లుగా ఎక్కువగా చేస్తున్నది మీరడిగిన పనే. ఆఫీసులు, కాలేజీలు, ఆస్పత్రులు, కల్యాణ మండపాల ముందు కట్ చేసిన షీట్ల జాలీలు బిగించాం. చూసిన ప్రతిసారీ సంతోషం కలిగేవి ఉన్నాయి, ఇప్పటికీ మనసు కలుక్కుమనిపించేవీ ఉన్నాయి. రెండు రకాల గురించీ చెప్తాను.

మీరు లోహం, బొమ్మ, జాగ్రత్తలు అని మూడు అడిగారు. అందరూ ఈ వరుసలోనే అడుగుతారు. నా అనుభవంలో వీటన్నిటికంటే ముందు తేలాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆ బొమ్మ గీసేది ఎవరు? కేటలాగులోంచి తీసింది ఒక రకం. ఇంటర్నెట్‌లో దొరికిన కలంకారీ ఫోటోని కంప్యూటర్లో గీతలుగా మార్చింది ఇంకో రకం. కలం పట్టిన మనిషి మీ షీటు కోసమే కూర్చుని గీసింది పూర్తిగా వేరే. షీటు మందం, రంధ్రం సైజు, లోపలికి వచ్చే ఎండ, ఖర్చు అన్నీ తిరిగి తిరిగి ఆ గీత దగ్గరికే వస్తాయి.

ఏడెనిమిదేళ్ల క్రితం ఒక ఆఫీసు బిల్డింగుకి కలంకారీ జాలీ పని వచ్చింది. డిజైన్ ఫైలు వాళ్లే ఇచ్చారు. ఎవరో చీర ఫోటో తీసి సాఫ్ట్‌వేర్‌లో పెట్టి గీతలు లాగారు. లేజర్ కటింగ్ మిషన్ మీంచి మొదటి షీటు పైకి ఎత్తితే సగం బొమ్మ కింద రాలిపోయింది. నెమలికి కన్ను లేదు, పువ్వుకి మధ్య బొడ్డు లేదు. గుడ్డ మీద గీత ఒక చుట్టు తిరిగి మొదలైన చోటికి వస్తే అది పువ్వు అవుతుంది. షీటు మీద అదే గీత వెంబడి కోస్తే లోపలి ముక్క ఊడిపోతుంది. ఊడకుండా అక్కడక్కడా కొయ్యకుండా వదిలే సన్నని పట్టీని మేం బ్రిడ్జి అంటాం. ఆ ఫైలులో ఒక్క బ్రిడ్జి కూడా లేదు. గడువు ముంచుకొస్తోందని మా కుర్రాడు తోచిన చోటల్లా బ్రిడ్జిలు పెట్టేశాడు, నేనూ సరే అన్నాను. షీట్లు నిలబడ్డాయి కానీ అమ్మవారి మెడకి అడ్డంగా ఒక పట్టీ, కళ్లకి అడ్డంగా ఇంకో పట్టీ వచ్చాయి. బిగిస్తున్న రోజు శ్రీకాళహస్తి నుంచి ఒక పెద్దాయన, కలంకారీ పని చేసేవారు, వేరే పని మీద అక్కడికి వచ్చారు. కాసేపు చూసి, "ముఖానికి ముళ్లకంచె కట్టినట్టుంది నాయనా" అన్నారు. కోపంగా అనలేదు, బాధగా అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాతి వారం ఆయన ఇంటికి వెళ్లాను. పెరట్లో ఒక కుండ మూత తీసి చూపించారు. అందులో తుప్పు పట్టిన పాత ఇనుప ముక్కలు, తాటిబెల్లం, నీళ్లు. రెండు మూడు వారాలు పులిస్తే అదే కసిమి. కలంకారీలో నల్ల గీత మొత్తం దీనితోనే. వెదురు పుల్లకి చివర దూది, గుడ్డ చుట్టి దారంతో కట్టిన కలం, దాన్ని వేళ్లతో మెల్లగా నొక్కితే కసిమి దిగుతుంది. గుడ్డకి ముందే కరక్కాయ, పాలు పట్టించి ఉంటారు. ఇనుము కరక్కాయతో కలిసి నల్లబడుతుంది. అన్నేళ్లుగా ఇనుముతో పని చేస్తూ ఆ నల్ల గీత ఇనుముదేనని నాకు ఆ రోజు దాకా తెలియదు. మేం తుప్పు మీద పూసే రస్ట్ కన్వర్టర్లలో కూడా ట్యానిక్ యాసిడ్ వాడతారు, తుప్పుతో కలిసి అది కూడా నల్లగా మారుతుంది. కరక్కాయలో ఉన్నది ఆ జాతి పదార్థమే.

ఆయనకి నల్ల చార్టు పేపరు, బ్లేడు ఇచ్చాను. "ఇందులో గీసి మీరే కొయ్యండి, పైకెత్తితే ఏదీ రాలకూడదు" అన్నాను. మొదటి పేపరులో పువ్వు బొడ్డు రాలిపోయింది. రెండో దాంట్లో పూరేకుల ఈనెలే బొడ్డుని పట్టుకున్నాయి. మూడో దాంట్లో నెమలి మెడ మీది ఈకల వరసలు బ్రిడ్జిలయ్యాయి. నాలుగో పేపరుకి వచ్చేసరికి, ఎక్కడ పట్టు కావాలో అక్కడ ఒక తీగ మెలికో, నగలో ఒక గొలుసో వచ్చి కూర్చుంది. ఏది బ్రిడ్జి, ఏది బొమ్మ అని నేను కూడా విడదీసి చెప్పలేకపోయాను. నా వర్క్‌షాపులో ఎంత మంచి సాఫ్ట్‌వేర్ ఉన్నా ఆ పని చేయలేదు. ఆ గీత ఎటు తిరగాలని చూస్తుందో చేతికి తెలియాలి.

అందుకే ఎవరికైనా మొదట చెప్పేది చార్టు పేపరు పరీక్ష. కేటలాగు డిజైన్ అయినా సరే, పూర్తి సైజులో ఒక మీటరు ముక్క పేపరులో కోసి పైకెత్తండి. పేపరులో రాలింది షీటులో కూడా రాలుతుంది. పేపరు ఎక్కడ వేలాడి వంగుతుందో అక్కడ షీటు గాలికి ఊగుతుంది.

ఇలా రంధ్రాలతో బొమ్మ చేయడం మనకేమీ కొత్త కాదు. రాయలసీమ తోలుబొమ్మలు చూశారా? అనంతపురం వైపు నిమ్మలకుంటలో ఇప్పటికీ చేస్తారు. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేక తోలుని పల్చగా గీకి, రంగులేసి, చిన్న చిన్న ఉలులతో రంధ్రాలు కొడతారు. వెనక దీపం పెడితే ఆ రంధ్రాలే హారాలు, వడ్డాణాలు, చీర అంచులు. ఆకారాన్ని ఎక్కడా తెగ్గొట్టరు, నగ ఉన్న చోట మాత్రమే వెలుగుని రానిస్తారు. రాత్రి పూట లైబ్రరీలో లైట్లు వెలుగుతుంటే రోడ్డు మీంచి మీ జాలీ కనపడేది సరిగ్గా అలాగే. పగలు బయటి నుంచి, రాత్రి లోపలి నుంచి వెలుగు వస్తుంది. రెండు పూటలా బొమ్మ నిలబడాలి.

ఇక కమిటీ అడిగిన దేవుళ్ల బొమ్మల సంగతి. వద్దని నా సలహా. ఇందులో భక్తి తక్కువై చెప్పడం లేదు, నేను కూడా మెట్లెక్కి కొండకి వెళ్లేవాణ్ణే. జాలీ అంటే బయట గోడ. పావురాలు వాలతాయి, దుమ్ము పడుతుంది, కింద వరసకి జనం బండ్లు ఆనిస్తారు. అక్కడ స్వామి ముఖాన్ని రంధ్రాలతో పెట్టి, పాడయ్యాక పాత ఇనుము కొట్టుకి ఎలా పంపిస్తారు? పైగా లైబ్రరీ అందరిదీ. శంఖుచక్రాలు పెట్టమని అడిగిన ఒకరికి కూడా ఇదే చెప్పాను, ఆయన ఆలోచించి ఒప్పుకున్నారు.

మరి ఏం పెట్టాలి? నాకు మూడు తోస్తున్నాయి, మూడూ మీ గోడకి సరిపోతాయి.

ఒకటి ముగ్గు. ధనుర్మాసంలో మీ ఊరి వాకిళ్లు చూడండి. చుక్కలు పెట్టి వాటి చుట్టూ గీతని మెలికలు తిప్పే ముగ్గు చిత్తూరు వైపు చాలా బాగా వేస్తారు. దీన్ని షీటు మీదికి తెచ్చేటప్పుడు గీతని కొయ్యకూడదు. గీతని లోహంగా ఉంచి, మధ్య గళ్లని కోసి తీసేయాలి. మెలికల గీత తనని తానే పదే పదే దాటుతుంది కదా, దాటిన ప్రతి చోటా అతుకు ఉన్నట్టే లెక్క. ఒక్క బ్రిడ్జి కూడా అక్కర్లేదు. నేను ఇంతవరకు చేసిన డిజైన్లలో ఇంత గట్టిగా తనంతట తాను నిలబడేది ఇంకోటి లేదు. చుక్కలు మాత్రం గళ్ల మధ్యలో ఒంటరిగా ఉంటాయి కాబట్టి రాలిపోతాయి, వాటిని వదులుకోవాలి. అంచున ఉన్న మెలికలు ఫ్రేముని తాకేలా గీయించాలి. దీనికి డిజైనర్ అక్కర్లేదు. మీ ఊళ్లో ముగ్గు బాగా వేసే నలుగురు అమ్మలని, అక్కలని పిలిచి, లైబ్రరీ కట్టే స్థలంలోనే నేల మీద పూర్తి సైజులో వేయించండి. పై అంతస్తు నుంచి ఫోటో తీసి డ్రాయింగ్ చేయిస్తే చాలు. వాళ్లకి కూలీ కాదు, డిజైన్ ఫీజు ఇవ్వండి.

రెండోది అక్షరం. మన జిల్లాల్లో లోహం మీద సంస్కృతి అంటే నాకు మొదట గుర్తొచ్చేది రాగిరేకులే. తాళ్లపాక కవుల సంకీర్తనలని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలోనే ఒక అరలో భద్రపరిచారు. వందల ఏళ్లు అక్కడే ఉండి, గత శతాబ్దంలో వెలుగులోకి వచ్చి అచ్చయ్యాయి. కాగితం మీద ఉండి ఉంటే అన్ని పాటలు మనకి మిగిలేవి కావు. లైబ్రరీ గోడకి ఇంతకంటే తగిన సంగతి ఏముంటుంది? పాట చరణాలు రాయమనడం లేదు. అడ్డంగా పొడవుగా ఉండే రేకుల ఆకారాన్ని ప్యానెళ్లకి తీసుకుని, వాటిలో అఆఇఈలు, గుణింతాలు వరసగా పెట్టినా చాలు, పిల్లలు చూసి దిద్దుకుంటారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. తెలుగు అక్షరాలు గుండ్రనివి. అక్షరాన్ని కోస్తే సున్న లోపలి బిళ్ళ ఊడిపోతుంది, ఠ లోపలిది, ర లోపలిది కూడా అంతే. లైబ్రరీ పేరు కోసి చూసుకుంటే సున్నా స్థానంలో పెద్ద గుండ్రటి బొక్క మిగులుతుంది, చదవడానికి చుక్కలా ఉంటుంది. అందుకని అక్షరాన్నే లోహంగా ఉంచి చుట్టూ కొయ్యాలి, పై తలకట్టునీ కింది వంపునీ ఫ్రేముకి కలపాలి. సైన్ బోర్డులు చేత్తో రాసే పాత పెయింటర్ మీ ఊళ్లో ఒక్కరైనా మిగిలి ఉంటే ఆయన చేత రాయించండి. కంప్యూటర్ ఫాంటు సాగదీస్తే అక్షరం ఊపిరాడనట్టు ఉంటుంది.

మూడోది మామిడాకు. చిత్తూరు అంటే తోతాపురి తోటలు, ప్రతి గుమ్మానికీ మామిడి తోరణం. కేటలాగులోని ఆకులు ఏ దేశపు చెట్టువో తెలియదు. ఈ ఆకుతో ఒక పెద్ద లాభం ఉంది. దాన్ని పూర్తిగా కోసి పారేయక్కర్లేదు. పైన తొడిమ దగ్గర వదిలేసి మిగతా చుట్టూ కోసి, ఆకుని బయటికి వంచండి. ముక్క రాలదు, షీటు వృథా కాదు, ఆకు నిజంగానే తోరణంలో వేలాడుతున్నట్టు ఉంటుంది. ఎండ ఆపడంలో దీని పని ఏంటో ఇప్పుడు చెప్తాను.

మీ గోడ పడమర అన్నారు. పడమటి ఎండ ఏప్రిల్, మే నెలల్లో ఎలా ఉంటుందో చిత్తూరు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఏప్రిల్ చివరి వారంలో, మళ్లీ ఆగస్టు మూడో వారంలో మధ్యాహ్నం సూర్యుడు మనకి నడినెత్తిన ఉంటాడు. ఆ ఎండకి ఛజ్జా (కిటికీ పైన ఉండే సన్‌షేడు) చాలు. మూడు గంటల తర్వాత కిందికి దిగి సూటిగా గోడలోకి కొడతాడు, అప్పుడు ఛజ్జా ఏం చేయలేదు. పాత గుళ్లలో, కోటల్లో ఉండే రాతి జాలకం ఈ ఎండని బాగా ఆపేది. కారణం దాని మందం. మూడు నాలుగు అంగుళాల లోతున్న రంధ్రంలోకి వాలుగా వచ్చే ఎండ పక్క గోడకి తగిలి ఆగిపోతుంది. మన షీటు మందం 3 మి.మీ. దానికి లోతు లేదు. నలభై శాతం రంధ్రాలుంటే సూటిగా కొట్టే ఎండలో దాదాపు నలభై శాతం లోపలికి వచ్చేస్తుంది. పాత జాలీ బొమ్మని పల్చటి షీటులో కోసి 'సంప్రదాయ పద్ధతిలో చల్లదనం' అని రాసే బ్రోచర్లని నమ్మకండి.

మామిడాకుని 30 డిగ్రీలు తెరిచామనుకోండి. ఎదురుగా చూసేవాడికి ఆ రంధ్రంలో ఎనిమిదో వంతు మాత్రమే తెరుచుకుని కనపడుతుంది. సాయంత్రం ఎండ కూడా ఎదురుగా చూసేవాడే కదా, దానికీ అంతే దారి. గాలి మాత్రం కింది నుంచి హాయిగా లోపలికి వస్తుంది, వాన కూడా ఆకు మీంచి బయటికే జారిపోతుంది. పై అంతస్తు రీడింగ్ రూము ముందు ఇలా వంచిన ఆకులు, కింద ముగ్గు గళ్లు, గుమ్మం పైన అక్షరాల రేకులు పెడితే మీ గోడ నిండుతుంది. వంచిన ఆకు కొన పదునుగా ఉంటుంది, కొనని గుండ్రంగా కోయించండి, మనిషి చేతికి అందే ఎత్తులో పెట్టకండి.

బయటి దేశాల్లో ఈ పని బాగా చేసిన బిల్డింగు ఒకటి చూడమంటాను. వాషింగ్టన్‌లో 2016లో తెరిచిన ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర, సంస్కృతుల మ్యూజియం. డిజైన్ చేసినవారిలో ప్రధానమైనవాడు డేవిడ్ అడ్జాయే. బయట కంచు రంగులో 3,600 పోత అల్యూమినియం ప్యానెళ్లు. ఆ అల్లికని చార్ల్‌స్టన్, న్యూ ఆర్లీన్స్ ఊళ్లలో బానిసలుగా బతికిన నల్లజాతి కమ్మరుల ఇనుప గ్రిల్లుల నుంచి తీసుకున్నారు. ఎక్కడ ఎంత ఎండ ఆపాలో దాన్ని బట్టి అల్లిక చిక్కగానో పల్చగానో మారుతుంది. అంత బరువైన చరిత్రని ఒక్క మనిషి బొమ్మ కూడా లేకుండా, వాళ్ల చేతి పనితోనే చెప్పారు. దీనికి భిన్నంగా పారిస్‌లోని అరబ్ ప్రపంచ సంస్థ భవనం, 1987 నాటిది. దక్షిణపు గోడకి కెమెరా కన్నులా తెరుచుకుని మూసుకునే 240 లోహపు తెరలు పెట్టారు. చూడ్డానికి అద్భుతం. కానీ ఆ యంత్రాలు చాలా ఏళ్లు సరిగ్గా పనిచేయలేదు, చివరికి పెద్ద మరమ్మతు చేయాల్సొచ్చింది. మీ సప్లయర్ మోటారుతో కదిలే జాలీ అంటే మర్యాదగా వద్దనండి.

ఇప్పుడు లోహం. మీకు 3 మి.మీ. అల్యూమినియం షీటు, పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడికి కరిగించి అంటించడం) సరిపోతుంది. వెనక ఫ్రేము హాట్ డిప్ గాల్వనైజింగ్ చేసిన, అంటే కరిగిన జింకులో ముంచి తీసిన స్టీలు. చదరపు మీటరు అల్యూమినియం షీటు 8 కిలోలు, అదే మందం ఇనుము 23 కిలోల పైనే. నలభై శాతం కోసేశాక మీ 84 చదరపు మీటర్ల గోడకి అల్యూమినియం అయితే సుమారు 400 కిలోలు, ఇనుమైతే 1,200 కిలోల దాకా. కోర్‌టెన్ స్టీలు, అంటే పైన పట్టిన తుప్పు పొరే రక్షణగా ఉండే రకం, ఫోటోల్లో చాలా అందంగా ఉంటుంది, కానీ దాని తుప్పు నీళ్లు మొదటి వానల్లో గోడ మీదికి, మెట్ల మీదికి కారి మరకలు పడతాయి. ఏసీపీ షీటు (రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ పెట్టినది) తక్కువలో వస్తుందని చూపిస్తారు. దాన్ని కోస్తే మధ్యలో ప్లాస్టిక్ పొర ప్రతి అంచునా బయటపడుతుంది, మంటకి అంటుకుంటుంది. పుస్తకాలుండే చోట అది వద్దే వద్దు.

బడ్జెట్ చాలక ఇనుముకే వెళ్లాల్సి వస్తే నేను దెబ్బతిన్న సంగతి వినండి. ఒక కాలేజీకి ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్, మామూలు ఇనుము) జాలీ చేశాం. లేజర్‌లో ఇనుముని ఆక్సిజన్‌తో కోస్తే అంచు మీద పల్చటి నల్లటి పొర ఏర్పడుతుంది. పౌడర్ కోటింగ్ ఆ పొరని పట్టుకుంటుంది కానీ ఆ పొర ఇనుముని పట్టుకోదు. మేం అంచులు గ్రైండ్ చేయకుండానే కోటింగ్‌కి పంపాం. నవంబరు వానలు పోయేసరికి ప్రతి పూరేకు అంచునా రంగు రిబ్బనులా లేచింది, తెల్ల గోడ మీద కన్నీటి చారల్లా తుప్పు కారింది. అన్నీ దించి, అంచులు అరగదీసి, జింక్ ప్రైమర్ వేసి మళ్లీ బిగించడానికి నాలుగు నెలలు పట్టింది. డబ్బు నాదే పోయింది, అది సరే, పరీక్షలప్పుడు పిల్లలు ఆ చప్పుడులో కూర్చోవాల్సొచ్చింది. అందుకే ఎం.ఎస్. అయితే నైట్రోజన్‌తో కటింగ్ చేయించండి, లేకపోతే ప్రతి అంచూ గ్రైండ్ చేయించి, మూలలు మొద్దు చేయించి చూసుకుని సంతకం పెట్టండి. పదునైన మూల మీద ఏ రంగూ నిలవదు.

బరువు చూసి అల్యూమినియం తేలికే కదా అని బ్రాకెట్లు తగ్గించేవాళ్లని చూశాను. అసలు బరువు గాలిది. సెకనుకు 40 మీటర్ల గాలి సూటిగా కొడితే చదరపు మీటరుకి సుమారు 98 కిలోల ఒత్తిడి. మీ గోడ మొత్తానికి ఎనిమిది టన్నులు దాటుతుంది. రంధ్రాల వల్ల కొంత తగ్గుతుంది, ఆ తగ్గింపుని లెక్కలో నమ్ముకోకండి. గాలి తోయడమే కాదు, వెనక్కి లాగుతుంది కూడా. మీ ఊరికి ఐ.ఎస్. 875 మూడో భాగం (గాలి ఒత్తిడి లెక్కలకి మన దేశపు ప్రమాణం) ప్రకారం ఎంత గాలివేగం తీసుకోవాలో మీ స్ట్రక్చరల్ ఇంజనీరు చేత లెక్క వేయించండి. బ్రాకెట్లు కాంక్రీటు దూలాలకి, స్తంభాలకే బిగించాలి. ఇటుక గోడకి యాంకర్ బోల్టు కొడితే మొదటి పెనుగాలికి ఇటుకతో సహా ఊడి వస్తుంది.

ఎండకి అల్యూమినియం సాగడం కూడా తక్కువేం కాదు. తెల్లవారుజాము చల్లదనానికీ మే నెల సాయంత్రం కాలిన షీటుకీ 50 డిగ్రీల తేడా అనుకుంటే, 3 మీటర్ల ప్యానెల్ మూడున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఒక్క చోట గట్టిగా బిగించి మిగతా చోట్ల కోలగా రంధ్రాలు పెడితే షీటు తనంతట తాను జరుగుతుంది. అన్ని మూలలా బిగించేస్తే ఉబ్బుతుంది, సాయంత్రం చల్లబడేటప్పుడు టప్‌మని శబ్దాలు చేస్తుంది. లైబ్రరీలో చదువుకునేవాళ్లకి ఆ శబ్దం ఎంత టెన్షనో ఊహించండి. అల్యూమినియం నేరుగా స్టీలుని తాకకూడదు, మధ్యలో నైలాన్ వాషరో రబ్బరో పెట్టాలి. తడిలో రెండు లోహాలు ఆనుకుని ఉంటే అల్యూమినియం తినిపోతుంది.

జాలీకీ గోడకీ మధ్య మనిషి నిలబడి తుడిచేంత ఖాళీ వదలండి, రెండడుగులైనా ఉండాలి. పావురాలు దూరకుండా రంధ్రాలు రెండంగుళాల లోపు ఉండాలి, పెద్దవైతే వెనక వల కట్టాలి. అడ్డపట్టీలు వరసగా ఉంటే కోతులకి అది నిచ్చెన. తిరుపతిలో అలిపిరి వైపు పని చేసిన ఎవరినైనా అడగండి, కోతులున్న చోట కింద ఎనిమిదడుగుల దాకా పట్టు దొరకని నిలువు గీతలే పెడతాం. మీ ఊళ్లోనూ ఆ బెడద ఉంటే ముగ్గు గళ్లని ఆ ఎత్తు పైనుంచి మొదలుపెట్టండి. అగ్నిమాపక సిబ్బంది లోపలికి వెళ్లడానికి ప్రతి అంతస్తులోనూ బయటి నుంచి తెరుచుకునే ప్యానెల్ ఒకటి ఉండాలి, దాని మీద గుర్తు ఉండాలి. ఇది ఎవరూ అడగరు, మీరే అడిగి పెట్టించండి.

గీత మందం గురించి ఒక్క లెక్క గుర్తుంచుకోండి. మామూలు కన్ను 10 మీటర్ల దూరం నుంచి 3 మి.మీ. కంటే సన్నని దాన్ని విడిగా చూడలేదు. మీ రోడ్డు 20 మీటర్ల దూరంలో ఉంటే 6 మి.మీ. గీత కనపడీ కనపడనట్టు ఉంటుంది. బొమ్మ స్పష్టంగా తెలియాలంటే గీత అంగుళం మందం ఉండాలి. చీర మీది సన్నని నగిషీని అలాగే గోడకెక్కిస్తే దూరానికి బూడిద రంగు మచ్చే మిగులుతుంది. ఖర్చు కూడా ఇక్కడే పెరుగుతుంది. లేజర్ వాళ్లు కోసిన పొడవుని బట్టి, ఎన్ని చోట్ల బొక్క మొదలుపెట్టారో దాన్ని బట్టి డబ్బు తీసుకుంటారు. వేల సన్న రంధ్రాలున్న డిజైన్‌కి షీటు ధర కంటే కటింగ్ ధర ఎక్కువవుతుంది. ముగ్గు, మామిడాకు రెండూ పెద్ద గీతలే, అలా కూడా మీకు కలిసొస్తాయి.

గుమ్మం మీద ఒక చెక్కడం లాంటిది కావాలని కమిటీ పట్టుబడితే, శ్రీకాళహస్తి దగ్గర మాధవమాలలో కొయ్య చెక్కేవాళ్లు ఉన్నారు. వాళ్ల చేత కొయ్య నమూనా చెక్కించి, దాన్ని ఇసుకలో అచ్చు తీసి అల్యూమినియం పోత పోయించవచ్చు. ఒక్క ముక్కకే కాబట్టి ఖర్చు భరించగలిగేదే.

టెండరులో 'డెకరేటివ్ జాలీ, ఆమోదించిన డిజైన్ ప్రకారం' అని ఒక్క లైను రాసి వదిలేయకండి. అలా రాస్తే కళాకారుడికి దక్కాల్సింది కాంట్రాక్టరు లాభంలో కలిసిపోతుంది. డిజైన్ ఫీజు విడి ఐటమ్‌గా పెట్టి టెండరుకి ముందే చెల్లించండి. పూర్తి సైజు పేపరు నమూనా ఒకటి, తర్వాత అసలు లోహంలో ఒక మీటరు ప్యానెల్ ఒకటి అడగండి. ఆ ప్యానెల్‌ని మీ పడమటి గోడకే వేలాడదీసి ఒక నెల ఉంచండి. సాయంత్రం నాలుగింటికి వెనక కుర్చీ వేసుకుని పుస్తకం చదివి చూడండి, రాత్రి లోపల లైటు వేసి రోడ్డు మీంచి చూడండి. ముగ్గు వేసిన వాళ్లనీ, అక్షరాలు రాసిన పెయింటర్‌నీ పిలిచి చూపించండి. వాళ్లు ఏదైనా మార్చమంటే అప్పుడే మార్చాలి, 84 చదరపు మీటర్లు కోశాక కుదరదు.

కిందివరస చివరి ప్యానెల్‌లో అంగుళం ఎత్తు అక్షరాలతో వాళ్ల పేర్లు కోయించండి. శ్రీకాళహస్తి పెద్దాయన తర్వాత నాకు ఒక స్కూలు జాలీకి గీసిచ్చారు. బిగించాక వచ్చి, పేరున్న చోట ఒకసారి తడిమి, 'ఇక్కడ మాత్రం బ్రిడ్జి సరిగ్గా పెట్టావు' అన్నారు. ఆయన పేరులో రెండు సున్నలున్నాయి.